దిబ్బ మీది పార్కు

ఈ ఉదయం సిద్దిపేట రైతుబజారులో పండిన దోసకాయల వాసన తగలగానే మా ఊరి చెరువు నడుమనున్న దిబ్బ గుర్తుకు వచ్చింది. వేసవిలో నీరు తగ్గాక మా నాన్న, బాపు, అక్కడ దోస పెట్టేవాడు. ఆ పంటే మాకు జీవనాధారం. ఆ నేలకు మాత్రం పట్టా లేదు.

నా చిన్నతనంలో అధికారులు వచ్చి, అక్కడ పార్కు కడతామని, ఇక దున్నవద్దని చెప్పారు. శిలాఫలకం నిలిపి, కంచె వేసి, ఉయ్యాల స్తంభాలు పాతి వెళ్లారు. తరువాత ఎవరూ రాలేదు. ఆపై ప్రతి వేసవిలోనూ బాపు కట్ట మీద కూర్చొని ఆ కంచెనే చూస్తుంటే, నా ఉయ్యాలకు కావలి ఉన్నాడనుకొని మురిసిపోయాను.

"పార్కు రాదంటున్నరు బావా, గింజలు పెట్టరాదా?" అన్నాడు మా మేనమామ.

"వద్దని చెప్పెటందుకు జీపుల వచ్చిన్రు. దున్నుకోమని చెప్పెటందుకు ఒక్కడన్న రావాలె గద."

"అయితే కూలికన్న పో."

"నేను పోయినంక దున్నుకోమంటే? జాగ ఇంకొకడు పట్టుకుంటడు."

"మంచిది. అందాక ఆ ఉయ్యాలల నువ్వే ఊగు."

బాపు నవ్వలేదు, లేవలేదు.

పెద్దయ్యాక వెదికాను. పార్కుకు పునాది వేసిన తేదీ శిలాఫలకం మీద స్పష్టంగా ఉంది. దానిని మానుకున్న తేదీ ఎక్కడా దొరకలేదు. బాపు కట్ట మీద కూర్చొని ఎదురుచూసింది ఆ తేదీ కోసమే.