స్పేర్ సైకిల్

సెల్ఫ్ గైడెడ్ సైకిల్ టూర్ అంటే వెంట గైడ్ ఉండడు. సైకిళ్ళు టూర్ కంపెనీవాళ్ళిస్తారు, దారి చూపించే మ్యాపు ఇస్తారు, మన బ్యాగుల్ని వ్యానులో తర్వాతి ఊరికి చేరవేస్తారు. మనం ద్రాక్షతోటల మధ్య తొక్కుకుంటూ, ఆగిన చోటల్లా కాస్త వైన్ రుచి చూస్తూ, బంగారు గనుల కాలం నాటి ఊళ్ళు చూసుకుంటూ పోవాలి. చెప్పేవాడు లేకపోవడమే అందులో సుఖం. ఆ సుఖం మావాళ్ళకి పడదు. ఈ కంగారూల దేశంలో, మా కెల్లీవిల్ పేటలో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే అందులో అయిదుగురు గైడ్లు ఉంటారు.

మా ఆయన చేసిన మొదటి పని ఆ బ్యాగుల వ్యాను వద్దనడం.

"ఇంట్లో సెవెన్ సీటర్ పెట్టుకుని బ్యాగులు ఎవడి చేతికో ఇవ్వడమేంటి? మన రైస్ కుక్కర్ వాడు కింద పడేస్తే?" అన్నారు.

"కరెక్ట్ అన్నా. పచ్చడి సీసా పలిగితే బ్యాగంతా ఖరాబ్," అన్నారు మిత్రులవారు. మిత్రులవారంటే మా ఆయనతో పాటు ఆఫీసులో కుర్చీ వేసుకున్న మనిషి, వరంగల్ ఆయన, మా పక్క పేట ద పాండ్స్‌లో ఉంటారు. ఆయన, వాళ్ళావిడ, మేమిద్దరం, వెరసి నలుగురం. ద్రాక్షతోటల ఊరు మడ్జీ చుట్టూ ఒక రోజు, మర్నాడు మడ్జీ నుంచి గనుల కాలం నాటి గల్గాంగ్ వరకు.

కారు దానంతటది రాదు కదా. ఎవరు నడుపుతారని మాత్రం ఎవరూ అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. చూస్తే అడిగినట్టు ఉండేది.

ఇది ఈ దేశంలో మాకు మేం కల్పించుకున్న ఆచారం. శనివారం రాత్రి ఎవరింట్లోనో పార్టీ, మగవాళ్ళు గరాజ్‌లో గ్లాసులతో, మేం వంటింట్లో గరిటెలతో. పెరుగన్నం అయ్యాక ప్రతి మగవాడూ జేబులోంచి తాళాలు తీసి పెళ్ళాం చేతిలో పెడతాడు. పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా మా ఆయన అంత నమ్మకంగా కట్టలేదు. పోలీసులు ఊదిస్తారన్న భయం మాకు లైసెన్సులు తెప్పించింది. డ్రైవింగ్ పాఠాలకి డబ్బులిచ్చి మరీ పంపించారు, మమ్మల్ని ఉద్ధరిస్తున్నట్టు. ఇరవై ఏళ్ళుగా స్కూలుకి, డాన్స్ క్లాసుకి, హెలెన్స్‌బర్గ్ గుడికి, పార్టీ నుంచి ఇంటికి నేనే డ్రైవర్ని. పక్క సీట్లో కూర్చుని "లేన్ మారు, లేన్ మారు" అనేది ఆయన.

అయితే ఈసారి నాకు మండింది. ఎందుకంటే ఈ చలికాలంలో నేను సైకిల్ నేర్చుకున్నాను. చిన్నప్పుడు ఎవరో అడ్డుపడ్డారని ఇక్కడో కన్నీటి కథ చెప్పొచ్చు. ఎవరూ అడ్డుపడలేదు. మా నాన్న కొనిస్తానన్నారు, నాకే బద్ధకం. నా యాభయ్యో ఏట, యూనివర్సిటీకి వెళ్ళే మా అమ్మాయి తన పాత సైకిల్ బయటికి తీసి, "అమ్మా, లుక్ అహెడ్! డోంట్ లుక్ డౌన్!" అంటూ వెనక పరిగెత్తింది. కిందా మీదా పడ్డాను. మోకాలికి పసుపు రాసుకుంటుంటే మా ఆయన చూసి, "గార్డెన్‌లో పడ్డావా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా కంప్యూటర్లో మీటింగ్‌కి వెళ్ళిపోయారు.

అందుకే సైకిళ్ళు రెండు కాదు, మూడు బుక్ చేయించాను. "నేనూ తొక్కుతాను" అని ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను. "అలాగే, తొక్కుదువుగాని" అన్నారు. నాకు కావలసింది ఒక్కటే. గల్గాంగ్‌లోకి నా సైకిల్ మీద నేను వెళ్ళాలి. అది ఆయన చూడాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండోది మొదటిదానికంటే ఎక్కువ కావాలి.

బయల్దేరిన శనివారం, లిత్‌గో దాటాక, వెనక సీట్లోంచి మిత్రులవారి భార్య మెల్లగా అంది. "అక్కా, ఎల్లుండి కార్తీక సోమవారం గదా?"

మగవాళ్ళిద్దరూ ఫోన్లు తీసి తిథి చూసుకున్నారు, కార్తీకం వచ్చేసింది. ఎండ ముదరకముందు, ఇక్కడ అక్టోబరు, నవంబరుల్లో ఉండే వసంతంలో వెళ్ళాలని వాతావరణం చూశారు, సెలవులు చూశారు, సైకిల్ టైరు వెడల్పు మీద రెండు వారాలు చర్చించారు. తెలుగు క్యాలెండర్ చూడాలని ఒక్కరికీ తట్టలేదు. మా మగవాళ్ళిద్దరూ పదకొండు నెలలు తాగింది కార్తీకంలో కడిగేసుకునే బాపతు. ఆ నెల చుక్క ముట్టరు, మాంసం ముట్టరు, సోమవారాలు ఉపవాసం. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఊరి నిండా ద్రాక్షతోటలు, చేతిలో మ్యాపు, మెడలో దీక్ష.

"పర్లేదు. మనం వెళ్ళేది సైక్లింగ్‌కి. వైన్ ఇన్సిడెంటల్," అన్నారు మా ఆయన, మ్యాపులో ద్రాక్షతోటల గుర్తులు లెక్కపెడుతూ.

ఆదివారం పొద్దున్న ఇద్దరూ తయారయ్యారు. ఆ బిగుతు లాగుల గురించి నేను వర్ణించను. ఆ గుడ్డ ఎవరి కోసం కనిపెట్టారో గానీ, పులిహోర తినే జాతి కోసం మాత్రం కాదు. మూడో సైకిల్ కారు వెనక ర్యాక్‌కే కట్టి ఉంది. దింపమన్నాను.

"అది స్పేర్ కదా," అన్నారు మా ఆయన. "దారిలో దేనికైనా ప్రాబ్లమ్ వస్తే పనికొస్తుంది. రేపు చూద్దాంలే. ఇవాళ నువ్వు వెనకే నిదానంగా రా."

ఒక రోజే కదా అనుకున్నాను. మిత్రులవారి భార్యని నడపమందామంటే ఆవిడ రౌస్ హిల్ షాపింగ్ సెంటర్ దాటి ఎప్పుడూ స్టీరింగ్ పట్టలేదు. రౌండెబౌట్ కనిపిస్తే కళ్ళు మూసుకుంటుంది. అలా ఆ రోజంతా ఇద్దరు మగవాళ్ళ వెనక, నడక వేగంతో, హజార్డ్ లైట్లు వేసుకుని, ఊరేగింపులో జనరేటర్ బండిలా కారు నడిపాను.

మొదటి వైనరీలో కౌంటర్ వెనకావిడ నాలుగు గ్లాసులు పెట్టింది. వీళ్ళు చేతులడ్డం పెట్టి "రిలీజియస్ మంత్" అన్నారు. గ్రేప్ జ్యూస్ ఉందా అని అడిగారు మిత్రులవారు. ఆవిడ పాపం నవ్వు ఆపుకుంది. మా ఆయన మాత్రం గ్లాసు చేతిలోకి తీసుకుని, తిప్పి, ముక్కు లోపల పెట్టి, నిమ్మతొక్క, తడి రాయి అంటూ వివరించడం మొదలుపెట్టారు. వాసన చూడటం దీక్షకి అడ్డం కాదట. అలా ఆ రోజు ఎన్ని గ్లాసులు వాసన చూశారో శివుడికే లెక్క.

కౌంటరావిడ నా వైపు తిరిగి, "నీకు?" అన్నట్టు సీసా ఎత్తింది. నాకు ఏ దీక్షా లేదు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నారు. "నో నో, షీ ఈజ్ అవర్ డ్రైవర్. ఆల్వేస్."

అందరూ నవ్వారు. అలవాటు చొప్పున నేనూ నవ్వాను. కారు దగ్గరికి వచ్చాక గాని నాకు వెలగలేదు. వీళ్ళిద్దరూ తాగడం లేదు కదా! ఇరవై ఏళ్ళుగా ఆయన తాగుతారు కాబట్టి నేను డ్రైవర్ని. ఇప్పుడు చుక్క ముట్టని మగవాళ్ళు ఇద్దరుండగా, తాగే హక్కున్న ఏకైక మనిషిని నేనుండగా, ఇప్పుడూ నేనే డ్రైవర్ని. అంటే తాగుడు ఉత్త సాకు. ఆ సాకు తీసేసినా డ్రైవర్ సీటు నాదే. ఆ క్షణాన నాకు వచ్చిన కోపం వైన్ మీద కాదు, కార్తీకం మీద కాదు. ఇన్నేళ్ళూ అది తట్టని నా బుర్ర మీద కొంచెం, మిగతాదంతా ఆయన మీద.

ఆ సాయంత్రం మోటెల్లో కుక్కర్ పెడుతూ ఈ ముక్క అడిగాను.

"లాజిక్ తీస్తే ఎలా?" అన్నారాయన. "రేపటి రూట్‌లో మట్టిరోడ్డు, ఎత్తులు. నీ వల్ల కాదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట."

సోమవారం పొద్దున్న ఆ ముగ్గురూ ఉపవాసం కాబట్టి టిఫిన్ల గొడవ లేదు. నేను రెండు టోస్టులు, గుడ్డు నింపాదిగా తిన్నాను. కారు తాళాలు ఆయన ముందున్న నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను. బయటికెళ్ళి ర్యాక్ మీంచి సైకిల్ నేనే దింపుకున్నాను.

"మరి కారు ఎవరు తెస్తారు?" ఆయన గుమ్మంలో నిలబడి అరిచారు.

"ముగ్గురున్నారుగా, మీరే తేల్చుకోండి. సెల్ఫ్ గైడెడ్ కదండీ!"

మొదటి ఎత్తు దగ్గరే తిరిగొస్తాననుకున్నారని తర్వాత తెలిసింది. నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను. ఊరు దాటగానే మాగ్పై అనే నలుపు తెలుపు పక్షి ఒకటి నా హెల్మెట్ మీదికి దూకింది. గుడ్లు పెట్టే కాలంలో ఆ పక్షికి సైకిల్ తొక్కేవాళ్ళంటే గిట్టదు. మా అమ్మాయి సలహా మీద హెల్మెట్ నిండా జిప్ టైలు, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, ముళ్ళలా గుచ్చుకున్నాను కాబట్టి తల దక్కింది. నేను గుంటూరు యాసలో తిట్టిన తిట్లకి అది రెండో రౌండ్ వేయలేదు. పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప కడ్డీల దగ్గర దిగి సైకిల్ నడిపించాను. ఒక ఎత్తు మీద కూడా దిగి తోశాను. సిగ్గేం పడలేదు. కంచెల అవతల ఊదా పూలు మైదానమంతా పరిచినట్టున్నాయి. అది కలుపు మొక్కట, రైతులకి పరమ చిరాకట. నాకు మాత్రం ఎంతో బాగుంది. యాభై ఏళ్ళలో నా వెనక సీట్లో, పక్క సీట్లో ఎవరూ లేకుండా నేనొక ఊరికి వెళ్ళడం అదే మొదటిసారి.

సగం దారిలో వెనకనుంచి కారు వచ్చింది. నడిపేది మా ఆయన. ఆయన సైకిల్ బయల్దేరేటప్పుడే, మిత్రులవారిది దారిలో ర్యాక్ మీదికి ఎక్కేశాయి. వెనక సీట్లో మిత్రులవారు అడ్డంగా పడుకున్నారు. ఆవిడ మ్యాపు మడిచి విసురుతోంది. ఖాళీ కడుపుతో ఎండలో మట్టిరోడ్డు తొక్కేసరికి మిత్రులవారికి కళ్ళు తిరిగాయట.

"ఆ సైకిలే మంచిగ లేదు వదినా. గేర్లు పడ్తలెవ్వు," అన్నారు పడుకునే. ఆడలేక మద్దెల ఓడు.

"కొంచెం గ్లూకోజ్ నీళ్ళు తాగండి అన్నయ్యగారూ," అన్నాను.

"చుక్క కనిపించేదాకా ఏం ముట్టడంట," అంది ఆవిడ దిగులుగా. ఇక్కడ గడియారం ఒక గంట ముందుకి జరిపిన కాలం. ఎనిమిది దాటితే గాని ఆకాశంలో చుక్క రాదు. శివుడు కూడా ఇంత కఠినంగా ఉండడని చెప్పి, ఆవిడ చేత బలవంతాన నీళ్ళు తాగించాను.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు పరీక్ష. మా ఆయన కారు నా పక్కనే నడిపిస్తూ, అద్దం దించి, గైడ్ అవతారం ఎత్తారు. "గేర్ మార్చు! తక్కువ గేర్! మోకాలు లోపలికి! రాయి, రాయి!" కొంతసేపు అలా సాగాక గొంతు మెత్తబడింది. "ఇంక చాల్లే, ఎక్కు. నువ్వు ప్రూవ్ చేసేశావుగా. ఏసీ వేశాను."

తొడలు వణుకుతున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది. ఆ తెరిచిన అద్దంలోంచి చల్లగాలి చెంపకి తగిలింది. ఎక్కేద్దామనిపించింది, దాచడమెందుకు. ఎక్కితే నన్నెవరూ ఏమీ అనరు. కాకపోతే వచ్చే శనివారం పార్టీలో ఈ కథ ఆయన చెబుతారు, నేను చపాతీలు వేడి చేస్తూ వింటాను. "మీరు ముందుకెళ్ళండి," అన్నాను. ఇంకేదో అనబోయారు. "వెళ్ళమన్నానా!" అని అరిచాను. గొర్రెలు కూడా తలెత్తి చూశాయి. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

గల్గాంగ్‌లో వీధులు ఇరుకు. రెండు వైపులా చెక్క వరండాల పాత దుకాణాలు, మధ్యలో వంకర తిరిగిన రోడ్డు. నేను ఆ వంపు తిరిగేసరికి మా కారు హోటల్ ముందు ఆగి ఉంది. మా ఆయన, మిత్రులవారు ర్యాక్ మీంచి సైకిళ్ళు దింపి, హెల్మెట్లు పెట్టుకుని, ఊరి పేరున్న బోర్డు ముందు కాళ్ళు చెరోవైపు వేసి నిలబడి ఉన్నారు. కళ్ళు తిరిగిన మనిషి కండలు బిగించారు. ఆవిడ ఫోన్ పట్టుకుని వెనక్కి జరుగుతోంది.

"వచ్చావా! నువ్వు తియ్యి, ఆవిడకి బోర్డు మొత్తం రావట్లేదు," అన్నారు మా ఆయన. "గ్రూపులో పెట్టాలి. కార్తీక సోమవారం, ఉపవాసంతో మడ్జీ టు గల్గాంగ్!"

నేను సైకిల్ దిగలేదు. ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆయన చేతిలోనే పెట్టాను. "తొక్కొచ్చిన వాళ్ళ ఫోటో కావాలంటే మీరే తియ్యాలి," అన్నాను.

మిత్రులవారు మెల్లగా సైకిల్ దిగి, బోర్డు పక్కకి తప్పుకున్నారు. మా ఆయన ఫోన్ పైకెత్తారు. తెరలో నన్నే చూస్తున్నారు, దుమ్ము కొట్టుకుపోయిన మొహాన్ని, హెల్మెట్ మీది ముళ్ళని.

"ఇంతకీ నీకు సైకిల్ తొక్కడం ఎక్కడొచ్చింది? చిన్నప్పుడు మీ ఊళ్ళోనా?" అన్నారు.

ఎన్నాళ్ళ నుంచో ఆ ప్రశ్న అడిగించుకోవాలని ఉంది. తీరా అడిగాక ఏడుపొచ్చింది.

"మన ఇంటి ముందు," అన్నాను. "ఈ చలికాలం. మీరు కూర్చుని పని చేసుకునే కిటికీకి ఎదురుగా."