ఒక్క పాస్

మా ఆఫీసు గేటు దగ్గర శానిటైజర్ సీసా ఇంకా పెడుతూనే ఉన్నారు. ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఈ ఉదయం మాత్రం నాతో లోపలికి వస్తున్న మా టీమ్ కుర్రాడు కిరణ్ అలవాటుగా రెండు చుక్కలు వేసుకుని చేతులు రుద్దుకున్నాడు. ఆ ఘాటు వాసన తగలగానే నా అడుగు ఆగిపోయింది. నాకది మాదాపూర్‌లో ఒక ఆసుపత్రి మూడో అంతస్తు వాసన. దాని వెంటే బాలమణి గుర్తొస్తుంది. ఐసీయూ తలుపు దగ్గర కాపలా ఉండేది. మా పరిచయం పదకొండు రోజులే. చదువు చెప్పినవాళ్లూ పని నేర్పినవాళ్లూ నాకు చాలామంది ఉన్నారు గానీ, నన్ను సిగ్గుపడేలా చేసి మార్చింది మాత్రం ఆవిడే.

మా నాన్నకు మాదాపూర్ హాస్టళ్ల సందులో చిన్న జిరాక్స్ షాపు ఉండేది. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లు అదే షాపులో గడిపారు. ఆయన మెషిన్ దగ్గర, అమ్మ బైండింగ్ బల్ల దగ్గర. పొద్దస్తమానం ఏదో ఒకదానికి వాదులాడుకుంటూనే ఉండేవారు. ఆయన ఆ మెషిన్ పక్కనే కుప్పకూలారు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు, వెంటిలేటర్ పెట్టారు. రోజూ సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు, ఒకే ఒక్కరు లోపలికి వెళ్లి చూడొచ్చన్నారు. అందుకు ఒక ఎర్ర ప్లాస్టిక్ పాస్ ఇచ్చారు. మొదటిరోజు దాన్ని నేను మెడలో వేసుకున్నాను, ఇక తీయలేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏం జరుగుతుందో తెలియకపోతే అంకెలు రాసుకోవడం నాకు అలవాటు. లోపలికి వెళ్లగానే మంచం పక్కనున్న తెర చూసి బీపీ, ఆక్సిజన్, గుండె వేగం ఫోన్‌లో ఎక్కించుకునేదాన్ని. నర్సును నాలుగు ప్రశ్నలు అడిగేలోపు టైమ్ అయిపోయేది. బయటికి రాగానే అమ్మ లేచి నిలబడేది. "కళ్లు తెరిచారా?" అని అడిగేది. "ఆక్సిజన్ తొంభై ఆరుందమ్మా, మంచిదే" అనేదాన్ని. "కాళ్లు చల్లగా ఉన్నాయా? ఆయనకు ఏసీ పడదే." నాకు తెలియదు. నేను ఆయన కాళ్లు చూడలేదు. అమ్మ ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నాన్న ఉన్ని మేజోళ్లు ఉండేవి. లోపల వాటిని ఒప్పుకోరని నేనే చెప్పాను. నిజానికి ఎవరినీ అడగలేదు.

బాలమణిది నారాయణపేట వైపు ఊరు. భర్త నార్సింగిలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. తక్కిన గార్డులు "ఏడో నంబర్ వాళ్లెవరు?" అని అరిచేవారు. ఈవిడ మాత్రం "సుబ్బారావు సారు వాళ్లు రండ్రి" అని మా నాన్న పేరుతో పిలిచేది. అలాగని మెత్తని మనిషేం కాదు. ఒకాయన ఎవరో పెద్దమనిషికి ఫోన్ కలిపి ఆవిడ చెవి దగ్గర పెట్టబోతే, ఫోన్ పక్కకి నెట్టి, "మీ పెద్దసారు వచ్చినా గూడ పాస్ అడుగుత. జర కూసో" అంది. హాల్లో అంతమంది బాధలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం అమ్మ తిండి మానేసి ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఉండబట్టలేక బాలమణి దగ్గరికి వెళ్లాను.

"ఈ ఒక్కరోజుకి నాతోపాటు అమ్మను కూడా పంపండి, ప్లీజ్."

"పంప. ఒక్క పాస్, ఒక్క మనిషి."

"వారం నుంచి ఆవిడ ఆయన్ని చూడలేదండీ!" కోపంగానే అన్నాను.

బాలమణి నా మెడలోని పాస్ వైపు చూసింది. "మరి దినాం నువ్వే ఎందుకు పోతున్నవ్?"

డాక్టర్ ఇంగ్లిష్‌లో మాట్లాడతారని చెప్పాను. అమ్మకు బీపీ ఉందని, చూస్తే తట్టుకోలేదని చెప్పాను.

"డాక్టర్ సారుతోని మాట్లాడనీకి పాస్ అక్కెరలేదు. గా పక్క రూముల ఎవలైనా మాట్లాడొచ్చు" అంది. ఆ వెంటనే, "తట్టుకోలేనిది ఆమెనా, నువ్వా? బయట కూసునుడు నీతోని అయితలేదు" అంది.

ఒళ్లు మండింది. ఆవిడకేం తెలుసు అనుకున్నాను. కానీ నిజం అదే. ఆ పది నిమిషాలు లేకపోతే మిగతా రోజంతా ఎలా గడపాలో నాకు తెలియలేదు. అమ్మ వారం నుంచి అలాగే గడుపుతోందన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఐదింటికి పాస్ తీసి అమ్మ మెడలో వేశాను. ఆవిడ కవరు పట్టుకునే వెళ్లింది. బాలమణి అందులోకి తొంగిచూసి, నర్సుకి చెప్పి తొడగమంది. అమ్మ బయటికి వచ్చినప్పుడు చేతిలో కవరు ఖాళీగా ఉంది. "కాళ్లు ఐసుగడ్డల్లా ఉన్నాయే" అంది. "తొడిగాను. గడ్డం గీయమని నర్సుకి చెప్పాను. షాపు తాళం డబ్బాలో పెట్టానని ఆయనకీ చెప్పాను, రోజూ అడుగుతారుగా." ఆయనకు వినిపించిందో లేదో నాకు తెలియదు. అమ్మ ఆ సాయంత్రం రెండు ఇడ్లీలు తింది.

పదకొండో రోజు పొద్దున నాన్న పోయారు. డాక్టర్ మాకు చెప్పాక తలుపు దగ్గరికి వెళ్లాం. పాస్ అమ్మ చేతిలో ఉంది. బాలమణి దాన్ని తీసుకుని, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.

"ఇగ పాస్ అక్కెరలేదమ్మా. ఇద్దరూ పోండ్రి."

ప్రాణంతో ఉన్న నాన్నను అక్కడ నేను ఏడుసార్లు చూశాను, అమ్మ మూడుసార్లు చూసింది. అమ్మ ఇప్పటివరకు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఆ ఏడు సాయంత్రాలను నేనెలాగూ తిరిగి ఇవ్వలేను.

ఈ ఉదయం లిఫ్ట్‌లో కిరణ్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. వాళ్లమ్మ ఐదు రోజులుగా ఐసీయూలో ఉంది. బీపీ, ఆక్సిజన్, గుండె వేగం రోజువారీగా వరసలో రాసుకున్నాడు. "చూడండి మేడం, నిన్నటికంటే నయం కదా?" అన్నాడు. నేను ఆ అంకెలు చూడలేదు.

"మీ నాన్నగారు ఆవిడను చూశారా?" అని అడిగాను.

మా అంతస్తు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, కిరణ్ మాత్రం దిగలేదు. గ్రౌండ్ ఫ్లోర్ బటన్ నొక్కాడు.