చిలుకబొమ్మ డబ్బా

ఆ రోజుల్లో నాకు కొత్త వస్తువంటే చిన్నచూపు. తుప్పు పట్టి, సొట్టలు పడి, ఎవరో వద్దనుకున్నదైతేనే కళ్లకద్దుకునేదాన్ని. తిరుపతిలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో రిసెప్షన్ ఉద్యోగం, పుత్తూరు నుంచి రోజూ బస్సు. ఆదివారం సెలవైనా మళ్లీ తిరుపతికే పరుగెత్తేదాన్ని, ఎందుకంటే ఆ ఉదయం రోడ్డు పక్కన గోనెపట్టాలు పరిచి పాత సామాన్లు అమ్మేవాళ్లు. బొమ్మలున్న బిస్కెట్ల డబ్బాలు, టీపొడి డబ్బాలు, పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలు, ఇవే నా వేట. వాటిని ఫోటో తీసి ఫోనులో పెడితే ఊరూ పేరూ తెలియనివాళ్లు ఆహా ఓహో అనేవారు. ఇంట్లో మాత్రం ఆ భాగ్యం లేదు. బొంతలను కుంకుడుకాయ నీళ్లలో ఉడకబెట్టనిదే అమ్మ గడప దాటనిచ్చేది కాదు (ఎవరు కప్పుకుని పోయారో ఏమో అని ఆమె భయం). అవ్వ అయితే, “జీతం పోసి చెత్త కొనకొస్తాదే, దీన్ని ఎవురు చేసుకుంటారో” అని తాతతో అనేది. తాత పలికేవాడు కాదు. ఆయనకు చెవుడు. అవసరమైనప్పుడు మాత్రమే వచ్చే చెవుడు.

ఒక ఆదివారం నాకు నిధి దొరికింది. పసుపుపచ్చ రేకు డబ్బా, మూత మీద చిలుకను చేతి మీద కూర్చోబెట్టుకున్న అమ్మాయి బొమ్మ. ఎంత పాతదైనా బొమ్మ మీద మాత్రం గీత కూడా పడలేదు. మురిసిపోతూ తెచ్చి అవ్వ ముందు పెట్టాను. వక్కాకు నములుతున్న అవ్వ నోరు ఆగిపోయింది. “ఇట్టాంటిదే మనింట్లో ఉండె. పాతసామాన్లోడికి ఏసేసినా. దీన్ని నా కండ్లకు సూపించొద్దు” అని అటు తిరిగి పడుకుంది. అమ్మను వంటింట్లో పట్టుకుని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. “సత్యవేడులో మీ చిన్నవ్వ ఉండాది గదా, అవ్వ చెల్లెలు. ఇట్టాంటి డబ్బా దెగ్గిరే ఇద్దురికీ మాటల్లేకుండా పొయినాయి. ఇద్దురూ కలిసి వాళ్లమ్మ చీరలతో కుట్టిన బొంత కూడా ఆడనే ఉండిపొయింది...” ఇంతలో అవ్వ దగ్గింది, అమ్మ నోరు మూసుకుంది.

అమ్మ చెప్పినదంతా వదిలేసి నా బుర్ర ఒక్క మాటనే పట్టుకుంది: బొంత. గొడవ డబ్బా కోసమైతే డబ్బా ఇస్తే సరిపోతుంది, బదులుగా బొంత అడగవచ్చు, పనిలో పనిగా అక్కాచెల్లెళ్లను కలిపిన పుణ్యం కూడా దక్కుతుంది. (అప్పట్లో నా తెలివి మీద నాకు అంత నమ్మకం.) తరువాతి ఆదివారం చిన్నవ్వను చూసొస్తానని ఇంట్లో చెప్పాను. అవ్వ అటు తిరిగి వక్కాకు నోట్లో వేసుకుంది. తాతకు మాత్రం చెవుడు ఉన్నట్టుండి నయమైపోయింది. “సత్యవేడుకా? ఇప్పుడెందుకు మ్మే, ఎండలు మండతా ఉండాయి” అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

చిన్నవ్వ నన్ను చూసి నా బుగ్గలు రెండు చేతుల్తో పట్టుకుని, “అచ్చం మా అక్క ముక్కే” అంది. అన్నం పెట్టింది. మంచం మీద ఆ బొంత ఉంది. నీలం, వంకాయరంగు, వెలిసిపోయిన ఎరుపు ముక్కలు. కుట్టు ఒక పక్క సన్నగా, ఇంకో పక్క కాస్త వెడల్పుగా. నాకు నోరూరింది. సంచిలోంచి డబ్బా తీసి చేతిలో పెట్టాను. “అక్క పంపించిందా?” అంది. మంచికే కదా అని ఊ కొట్టాను. చిన్నవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. అంత సంబరం నేను ఏ ముసలి ముఖంలోనూ చూడలేదు. మెల్లగా మూత తీసింది.

లోపల ఏమీ లేదు. ఉండాలని నాకు తోచనే లేదు. నా దృష్టిలో డబ్బా అంటే బొమ్మ.

“ఖాళీ డబ్బా పంపించిందా?” చిన్నవ్వ డబ్బాను నా వైపు తోసేసింది. “ఇరుగుపొరుగు గిన్నే ఖాళీగా తిరిగియ్యం గదమ్మా, ఇంత బెల్లంముక్కన్నా ఏసిస్తాం. తోడబుట్టినదానికి ఖాళీ డబ్బానా?” నా ప్రాణం పోయినంత పనైంది. అవ్వకు తెలియదని, డబ్బా పోయినందుకే మీకు గొడవ అనుకున్నానని గడగడా చెప్పేశాను. “నాకేం గొడవ? మనవడికి చెవులు కుట్టించినప్పుడు కాళ్లనొప్పులని తను రాలా. డబ్బాలో మురుకులు పోసి మీ తాత చేత పంపించె. నేను దాని నిండుకూ చెనక్కాయ ఉండలు పోసి ఆయన చేతికే ఇస్తి. బాగుండాయని ఒక్క మాట లేదు. ఫోను చేస్తే ఎత్తదు.”

నేను అక్కడి నుంచే అమ్మకు ఫోను చేసి, చిన్నవ్వకూ వినబడేలా స్పీకరు పెట్టి, ఆ డబ్బాలో ఏమొచ్చిందని అడిగాను. “ఏమొచ్చింది, గాలొచ్చింది. ఖాళీగా పంపిందనే గదా అవ్వకు కోపం” అంది అమ్మ. చిన్నవ్వా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తాతకు చక్కెర జబ్బు. తీపి ముట్టకూడదని డాక్టరు చెప్పిన కొత్త రోజులవి.

“బావా!” అని చిన్నవ్వ నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. “ఇన్నేండ్లు మా అక్క లేకుండా బతికినానే” అంది. నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచి చెనక్కాయలు వేయించింది, పాకం పట్టింది, వేడి మీదే ఉండలు చుట్టి డబ్బా నింపింది. నేను తీసుకెళతానంటే, “వొద్దమ్మా. మీ తాత వొంశాన్ని నమ్మేది లేదు” అని బొంత మడిచి చంకలో పెట్టుకుని నాతోపాటు బస్సెక్కింది. దారి పొడవునా డబ్బా ఆమె ఒళ్లోంచి దిగలేదు.

మేము వెళ్లేసరికి అవ్వ వాకిట్లో ఉంది. చిన్నవ్వ నేరుగా వెళ్లి డబ్బాను అక్క చేతుల్లో పెట్టింది. “మూత తీసి సూడక్కా” అంది చిన్నవ్వ. అవ్వ తీసి చూసింది. తరువాత తాతను చూసింది. ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. “ఏమయ్యా, ఆ పొద్దు ఉండలు యాడ పొయినాయి?” “ఏందీ? ఇనపళ్లా” అన్నాడు తాత. అవ్వ ఆయన చెవి దగ్గరికి వెళ్లి మళ్లీ అడిగింది. “నాగలాపురం కాడ ఒకటే తిన్నా” అన్నాడు తాత తల వంచుకుని. “నారాయణవనం వొచ్చేతలికి అయిపొయినాయి. చెప్దామంటే నీ కోపం జూసి నోరు రాలా. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటానే ఇంత కాలం పొయింది.”

“తింటే తిన్నావు, తిన్నానని చెప్పేదానికి ఏమొచ్చింది నీకు!” అని అవ్వ బావురుమంది. ఆ రోజు తాతకు ఉండలు లేవని తీర్పు చెప్పింది. చిన్నవ్వ మాత్రం అక్క చూడకుండా చిన్న ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆ రాత్రి అక్కాచెల్లెళ్లు ఆ బొంత పరుచుకుని పడుకున్నారు. ఇది అమ్మ పండగ చీర, ఇది నాయన చెన్నపట్నం నుంచి తెచ్చింది అని ఒక్కో ముక్క మీద వేలు పెట్టి చెప్పుకుంటున్నారు. ఫోటో తీద్దామని ఫోను ఎత్తితే, “పండుకున్నోళ్లను ఎవురన్నా ఫోటో తీస్తారా, పో” అని అవ్వ కసిరింది. బొంత నాకు దక్కలేదు. అడిగే ముఖమూ లేకపోయింది.

ఇప్పుడు అవ్వ లేదు, తాతా లేడు. నా అలమరలో డబ్బాలు చాలానే ఉన్నాయి, ఒక్కటీ ఖాళీగా లేదు. చిలుకబొమ్మ డబ్బా మాత్రం అలమర ఎక్కలేదు. సత్యవేడుకూ పుత్తూరుకూ మధ్య తిరుగుతూనే ఉంది. చిలుక సగం చెరిగిపోయింది, అమ్మాయికి ముక్కు లేదు, పాత సామాన్ల పట్టా మీద పెట్టినా ఎవరూ కొనరు. అమ్మ మురుకులు పోసి పంపుతుంది, చిన్నవ్వ ఉండలు పోసి పంపుతుంది, మోసేది నేనే. తిరుగు బస్సు నాగలాపురం దాటగానే నా చెయ్యి దానంతటదే మూత మీదికి పోతుంది. ఒక్కటే తింటాను. ఇల్లు చేరగానే, చెప్పులైనా విప్పకుండా, ముందు ఆ మాట అమ్మకు చెప్పేస్తాను.