కొత్త షాఫ్టులతో పెళ్లిచూపులకు

ఆ రోజులంటే మరీ వెనకటివేమీ కావు. అప్పటికే మా మహబూబాబాద్‌లో అరటిపండ్లమ్మే అవ్వ బండికి కూడా ఫోనుతో పైసలు కట్టే అట్టముక్క వేలాడుతుండేది. అయినా ఇప్పుడు తలుచుకుంటే అదేదో పూర్వకాలంలాగే అనిపిస్తుంది, ఎందుకంటే అప్పట్లో నాకు తెలియని విషయమంటూ లేదు. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి జనగామలో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కొలువులో చేరాను. పొద్దున్నే రైలెక్కి పోయి పొద్దుగూకేసరికి తిరిగొచ్చేదాన్ని. అక్కడ నా పని డబ్బా మీది నంబరు చూసి వస్తువు తీసివ్వడం. ఇంట్లో మాత్రం నేను ఇంజనీరును. మిక్సీ తిరగకపోయినా నన్నే పిలిచేవారు, నాయనమ్మ మోకాలు పట్టేసినా నన్నే పిలిచేవారు. ("నువ్వు సదివింది గీ కీళ్ల సంగతే గద బిడ్డా!" అనేది నాయనమ్మ. అందులో తప్పేమీ లేదని ఆ తర్వాత నాకు బాగా తెలిసొచ్చింది.)

మా కాక, అంటే మా బాపుకు తమ్ముడు, మిర్చి వ్యాపారం చేసేవాడు. బస్తాలు మోయడానికని చెప్పి హైదరాబాద్ నుంచి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ బండి కొనుక్కొచ్చాడు. వెనక తొట్టి ఉన్న ఆ బండిలో ఒక్క మిర్చి బస్తా ఎక్కినట్టు చూసినవాళ్లు లేరు. కాక దానికి ఏనుగు కాళ్లంత టైర్లు వేయించాడు, బండిని నడుమెత్తు లేపించాడు, ఆదివారమైతే చాలు, బురద ఎక్కడుందో వెతుక్కుంటూ పోయేవాడు. బురద దొరికేది. బండి విరిగేది. లారీకైతే ముందు ఇరుసు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే దిమ్మలాగా ఉంటుంది. కాక బండికి అలా కాదు. ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందికీ ఊగుతాయి. నడుమనున్న గేర్ల పెట్టె నుంచి ఒక్కో చక్రానికి ఒక్కో షాఫ్టు, దాని రెండు చివర్లా ఎటైనా తిరిగే కీళ్లు, కీళ్లకు గ్రీజు నింపిన రబ్బరు తొడుగులు. రోడ్డు మీద పోతుంటే ఉయ్యాలలో ఉన్నట్టుంటుంది. కానీ అంత పెద్ద టైర్లు వేసి, స్టీరింగ్ మొత్తం తిప్పి, బురదలో గట్టిగా తొక్కితే లోపల షాఫ్టు "టక్" మంటుంది. ఆ తర్వాత కాక ఎవరిదో ఒక ట్రాక్టర్ వెనక బజారు మీదుగా ఊరేగుతూ ఇంటికి చేరేవాడు. "మల్ల ఇరిగిందా అన్నా?" అని జనం క్షేమసమాచారం అడిగినట్టు అడిగేవారు. కాక ఇంజను ఆడకుండానే కదులుతున్న బండిలోంచే చెయ్యూపేవాడు.

ఈ సంబరంలో కాకకు పెళ్లీడు దాటిపోతోందని ఇంటిల్లిపాదికీ దిగులు. నాయనమ్మ కురవి వీరన్నకు మొక్కని మొక్కు లేదు. డోర్నకల్ దగ్గర ఒక సంబంధం దాదాపు కుదిరిందనగా, చూపుల నాడు పోవాల్సిన మనిషి అడ్డదారి పట్టి పొలంలో దిగబడిపోయాడు. ఆడపిల్లవాళ్లు చేసిన బజ్జీలు చల్లారిపోయాయి, సంబంధమూ చల్లారిపోయింది. ఆ తర్వాత భూపాలపల్లి అవతల ఒక ఊళ్లో ఇంకో సంబంధం వచ్చింది. అమ్మాయి డిగ్రీ చదివి, తండ్రికి నడుము పట్టేయడంతో వ్యవసాయమంతా తనే చూసుకుంటోందట. బస్సుకు పోదామన్నాడు బాపు. నా బండి ఉండగా బస్సేందని కాక. బాపు తమ్ముణ్ణి చూసి, "సరే. కని ఈసారి నడిమిట్ల ఆగిందో, నీకు సంబంధాలు సూసుడు నాతోని కాదు. నువ్వు, నీ బండి కలిసి కాపురం చేసుకోండ్రి" అన్నాడు. బాపు మాటంటే మాటే. కాక ముఖం మొదటిసారి వాడిపోయింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "బిడ్డా, ముంగటి షాఫ్టులు మార్చాలె. ఇరగనియి కావాలె" అన్నాడు.

ఇరగనివి! ఇంజనీరుకు అంతకంటే తియ్యని మాట ఇంకేముంటుంది. దుకాణం ద్వారా లావుపాటి షాఫ్టులు తెప్పించాను, మామూలు వాటికంటే మేలైన ఉక్కువి. కాగితం మీద బొమ్మ గీసి, బలం ఎటునుంచి ఎటు పోతుందో బాణాలు వేసి కాకకు వివరించాను. (బాణాలన్నీ షాఫ్టు దగ్గరే ఆగిపోయాయి. అక్కణ్ణించి బలం ఎక్కడికి పోతుందని కాక అడగలేదు, నేనూ అడగలేదు.) ఆదివారం పెరట్లో బండి ముందుభాగం లేపి దిమ్మెల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీసి, పానాలు పరుచుకుని కూర్చున్నాం. గేర్ల పెట్టెలోని నూనె పట్టడానికి అమ్మ కొత్త బేసిన్ తీసుకున్నామని ఆమెకు చెప్పలేదు. చక్రం నడుమనుండే హబ్బు నట్టు విప్పేసరికి చేతులు పడిపోయాయి. ఇంత చేసినా పాత షాఫ్టు పెట్టెలోంచి కదలదు. ఎన్నిసార్లు విరిగినా ఇల్లు వదలనంటుంది. కాక కాళ్లు రెండూ బండికి తన్నిపెట్టి, వీరన్నను తలుచుకుని ఒక్క గుంజు గుంజాడు. షాఫ్టు వచ్చింది. దాన్ని కౌగిలించుకుని కాక వెనక్కి ఎగిరి, వెనక ఎండబోసిన మిర్చి కుప్పలో పడ్డాడు. ఆ పూట మా వాడంతా తుమ్మింది. పక్కింటాయన గోడ మీదుగా తల పెట్టి, "ఏందే, సరుకు దిగిందా?" అని తుమ్ముతూనే అడిగాడు.

కొత్తవి ఎక్కించేటప్పుడు లోపలి రింగు సరిగ్గా కూర్చుంటే చిన్నగా చప్పుడవుతుంది. ఆ చప్పుడు విని కాక అలవాటుగా భయపడ్డాడు. "గది ఇరిగిన సప్పుడు కాదు కాకా, కూసున్న సప్పుడు" అని ధైర్యం చెప్పాను. అంతా బిగించాక మోచేతుల దాకా గ్రీజుతో బండి ముందు నిలబడి, వాగైనా గుట్టైనా ఇక ఎటైనా పోవచ్చని ప్రకటించాను. నాయనమ్మ మా ఇద్దరికీ దిష్టి తీసింది. మిర్చి ఘాటు తగ్గలేదు కాబట్టి వేరే ఎండుమిరపకాయలు అక్కర్లేకపోయాయి.

చూపుల నాడు బాపు, అమ్మ, నాయనమ్మ, నేను బండెక్కాం. (నాయనమ్మ స్టూలు వేసుకుని ఎక్కింది. స్టూలును కూడా ఎక్కించుకున్నాం, దిగాలి కదా.) నర్సంపేట దాటింది, ములుగు దాటింది, బండి పెళ్లికొడుకులాగే బుద్ధిగా నడిచింది. ఊరు ఇంకొంత దూరమనగా వాగు వచ్చింది. ఎగువన వంతెన ఉంది. "వంతెన మీదికెల్లి పోదాంరా" అన్నాడు బాపు. కాక అద్దంలోంచి నా వంక చూశాడు. నేను తలూపాను. కొత్త షాఫ్టులు వేసుకుని వంతెన మీద పోవడమంటే పట్టుచీర కట్టుకుని ఇంట్లో కూర్చోవడమే కదా! నీళ్లలో బండి బ్రహ్మాండంగా పోయింది. అవతలి గడ్డ ఎక్కేచోట బురద, బురదలో ఒక రాయి. కాక స్టీరింగ్ మొత్తం తిప్పి గట్టిగా తొక్కాడు. కింద ఏదో ధడేల్మంది, బండి ఆగింది.

పట్టులంగా బురదలో ఈడ్చుకుంటూ కిందికి దూరాను. చూసి, సంతోషం పట్టలేక అరిచాను: "కాకా! షాఫ్టులు మంచిగున్నయే! గీత సుత పడలే!"

"మరి ఏమిరిగింది?" అన్నాడు బాపు కిటికీలోంచి.

"స్టీరింగ్ తిప్పితే చక్రాలను మళ్లించే రాడ్డు."

నిజంగానే ఎడమ చక్రం ఊరి వైపు చూస్తోంది, కుడి చక్రం పక్కనున్న పత్తిచేను వైపు చూస్తోంది. విరగని దాన్ని మధ్యలో పెడితే బలం దాన్ని దాటుకుపోయి పక్కనున్న బక్కదాన్ని పట్టుకుంటుందని బాపుకు వివరించబోయాను. "మరి షాఫ్టు మంచిగుండి ఏం ఫాయిద?" అన్నాడు బాపు. ఆ ప్రశ్న మా డిప్లొమాలో ఏ పరీక్షలోనూ రాలేదు. కాక స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చున్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి అలా కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఊరి వైపు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది. నడిపేది ఒక అమ్మాయి. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాల. దిగి బండిని, చక్రాలను, మమ్మల్ని వరసగా చూసింది. "మానుకోట నుంచి వచ్చేటోల్లు మీరేనా?" అంది. (మహబూబాబాద్‌ను మా వైపంతా మానుకోటనే అంటారు.) "టైమాయె, రాకపాయె, వాగుల దిగబడ్డరేమోనని మా నాయిన ఒకటే పరేషాన్. గందుకే నేనే వచ్చిన. సూడవచ్చింది నన్నే."

కాక తల ఎత్తి ఆమెను చూశాడు. దండం పెట్టాలో బండి దిగాలో తెలియక రెండూ ఒకేసారి చేయబోయి బురదలో కూర్చున్నాడు.

చక్రాలు సరిగ్గా ఉంటే తప్ప లాగడం కుదరదు. ఆమె ట్రాక్టర్‌లోంచి గడ్డపార, ఇనుప తీగ తెచ్చింది. విరిగిన రాడ్డుకు గడ్డపారను ఆనించి తీగతో కట్టాలి. ఇద్దరం బండి కింద వెల్లకిలా పడుకున్నాం. అసలు పెళ్లిచూపులు అక్కడ జరిగాయి.

"మీ కాకకు కోపమెక్కువనా?" అందామె తీగ మెలేస్తూ.

"బండి ఇరిగినా నవ్వుతడు."

"ఇయ్యాల నవ్వుతలేడు గద?"

"ఇయ్యాల ఇరిగింది బండి ఒక్కటే కాదనుకుంటుండు."

ఆమె తీగను ఇంకో చుట్టు తిప్పింది. "తాగుతడా?"

"ఒంటికి గ్రీజు పూసుకుంటడు. గంతే."

"బండి అమ్ముమంటే అమ్ముతడా?"

అబద్ధం చెబితే సంబంధం నిలుస్తుందేమో, నిజం చెబితే పోతుందేమో. ఇంజనీరుగా లెక్క వేయడానికి టైం లేదు. "అమ్మడు" అన్నాను.

"జర గా పానా ఇయ్యి" అంది, ఏ భావమూ తెలియకుండా.

ట్రాక్టర్ వెనక మమ్మల్ని ఊళ్లోకి లాక్కుపోయింది. పెళ్లికూతురు పెళ్లికొడుకును గొలుసు కట్టి ఈడ్చుకురావడం ఆ ఊరివాళ్లు అదే మొదటిసారి చూడటం. పిల్లలు వెంట పరుగెత్తారు. నాయనమ్మ స్టూలు వేసుకుని దిగి, ఎవరూ అడక్కముందే, "మా పోరడు మంచోడే, బండే జర కోపిష్టిది" అని చెప్పింది. చాయ్‌లయ్యాక వాళ్ల నాయన కూతుర్ని ఏమంటావని అడిగాడు. "నాకు గా బండి నడుప నేర్పితే చేసుకుంట" అందామె. కాక మళ్లీ నవ్విన క్షణం అదే. బాపు మాత్రం తిరుగు ప్రయాణానికి బస్సు ఎన్నింటికని అడిగాడు.

పెళ్లయ్యాక రాడ్డు కూడా గట్టిది వేశాం. అప్పుడు గేర్ల పెట్టె పగిలింది. అదీ మార్చాం, అప్పుడు ఇంకేదో. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇలాంటి భాగాలనే విరగ్గొట్టి పరీక్షించే కొలువులో ఉన్నాను. ఏది విరగదు అని ఎవరైనా అడిగితే ముందు మంచినీళ్లు తాగుతాను.

మొన్న ఊరికి పోయినప్పుడు చిన్నమ్మ, అంటే ఆ ట్రాక్టర్ అమ్మాయే, నన్ను బండిలో తిప్పింది. కాకను వెనక సీటుకు పంపి చాలా కాలమైందట. వాగు దాటుతుంటే కింద ఎక్కడో సన్నగా చప్పుడైంది. అది ఏ కీలుదో, ఆ కీలు ఇంకెన్నాళ్లుంటుందో నాకు తెలిసిపోయింది. కాకకూ తెలిసినట్టుంది, కిటికీలోంచి దీక్షగా ఆకాశం చూస్తున్నాడు. అప్పటి పిల్లనైతే బండి ఆపించి అక్కడికక్కడే కిందికి దూరేదాన్ని. ఆ పిల్లకెంత తొందరో పాపం, ఎంత నమ్మకమో! నేను అద్దం కిందికి దించి, వాగు గాలికి ముఖం పెట్టి, "మంచిగ నడుపుతున్నవ్ చిన్నమ్మా" అన్నాను.