పాట మధ్యలో అన్న తట్టిన చోటు

మా అన్న పోయిన పన్నెండో రోజు కర్మ ముగిసి బంధువులు వెళ్ళిపోయాక, వదిన బీరువా మీద ఉన్న గిటార్ దించి నా చేతికిచ్చింది. పాత దుప్పటితో కుట్టించిన సంచిలో ఉంది. ఒక తీగ తెగిపోయింది. అన్న మంచాన పడ్డాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"నువ్వు పెట్టుకోప్పా," అంది. "కానీ ఊరికే మూలన పెట్టొద్దు. సంవత్సరీకం నాడు ఈడికి తెచ్చి, ఆ పాట ఒక్కసారి వాయించు. నాకింకేం వద్దు."

ఏ పాట అని నేను అడగలేదు. అన్నకు నాలుగైదు పాటలు వచ్చుగానీ, రోజూ సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక వాయించేది ఒకటే. పాత సినిమా పాట. సరేనన్నాను. నేను గిటార్ వదిలేసి ముప్పై ఏళ్ళు దాటిందని ఆమెకూ తెలుసు.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా సాయంత్రాలు ఎట్లా గడుస్తున్నాయని అడిగేవాణ్ణి. వంటింట్లో ఉంటాను అనేది. ఒక్క మనిషికి అంతసేపు వంటింట్లో పనేముంటుందని అడగలేకపోయేవాణ్ణి.

అన్న నాకంటే పదకొండేళ్ళు పెద్ద. మాది నిమ్మనపల్లె దగ్గర పల్లె. పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్ ఉద్యోగం వచ్చి మదనపల్లెలో గది తీసుకున్నప్పుడు, హైస్కూలు చదువు కోసం నన్నూ వెంట తెచ్చుకున్నాడు. ఆ గిటార్ ఎవరో ఊరు మారిపోతూ ఇచ్చేసినది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చర్చిలో వాయించేవాళ్ళ చేతులు కిటికీలోంచి చూసి వచ్చి, ఇంట్లో ప్రయత్నించేవాడు. తనకు వచ్చినంత నాకు నేర్పాడు.

అన్న ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉండేది. చిన్నతనంలో గడ్డి కత్తిరించే మిషన్‌లో పడింది. నాకు ఊహ తెలిసేసరికే ఆ వేలు అట్లా ఉంది కాబట్టి నేను దాన్ని లోపంగా ఎప్పుడూ చూడలేదు. అన్న వేలు అంతే అనుకునేవాణ్ణి. ఆ మిగిలిన మొద్దుతో తీగ నొక్కడం ఆయనే కనిపెట్టుకున్నాడు.

ఆ పాటలో, పల్లవి రెండో లైను చివర ఒక చోట, అన్న వాయించడం ఆపి గిటార్ చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. తర్వాత మళ్ళీ తీగల మీదికి వచ్చేవాడు. చరణం చివర కూడా అంతే. నాకు అట్లాగే నేర్పాడు. ఒకసారి రేడియోలో ఆ పాట వచ్చినప్పుడు తట్టడం వినబడలేదు. రేడియోవాళ్ళు వదిలేశారని చెప్పాను. అన్న నవ్వి, అవును వదిలేసినారు అన్నాడు.

పెళ్ళయి వదిన కాపురానికి వచ్చిన వారంలోనే ఆ చప్పుడు విని ఎవరో వచ్చారనుకుని, తడిచేతులతో వచ్చి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు. మేమిద్దరం నవ్వాం. మర్నాటి నుంచి అన్న ఆ చోటికి వచ్చి తట్టగానే వంటింట్లోంచి "ఎవురది?" అని అడిగేది. అన్న జవాబు చెప్పకుండా పాట కొనసాగించేవాడు. ఏడాదికో రెండేళ్ళకో ఆయనకు పుంగనూరు బదిలీ అయింది, నేను హాస్టల్‌కు వెళ్ళిపోయాను. గిటార్ అన్నతోనే పోయింది. తర్వాత నాకు చదువు, ఉద్యోగం, పెళ్ళి. కొత్త పెళ్ళివాళ్ళ వేళాకోళం ఎన్నాళ్ళుంటుందని ఆ ముచ్చట కూడా మరిచిపోయాను.

నేను ఇప్పుడు కుప్పంలో జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను. వారమంతా అక్కడ ఒక గది, శనివారం సాయంత్రం మదనపల్లెలో ఇల్లు. కుప్పంలో గిటార్ నేర్పేవాళ్ళున్నారా అని విచారిస్తే, రైల్వే స్టేషన్ దగ్గర మేడ మీద ఒకావిడ నేర్పుతుందని తెలిసింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రైల్వే ఉద్యోగి భార్య. చిన్నప్పటి నుంచీ చర్చిలో వాయించిన మనిషి. నేను మేడం అంటే ఆమె సార్ అనేది.

నాతోపాటు నేర్చుకునేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు నాలుగో తరగతి పిల్లలు, ఒక ఇంజినీరింగ్ అమ్మాయి. మొదటి నెల మా అందరిదీ ఒకటే బాధ. ఇనుప తీగలు నొక్కి నొక్కి వేళ్ళ కొనలు మండేవి. క్లాసు అయ్యాక పిల్లలు వాళ్ళ వేళ్ళ మీద పడిన గీతలు నాకు చూపించి, నావి చూపించమనేవారు. ఎవరివి లోతుగా ఉన్నాయో తేల్చేవారు. కాలేజీలో పాఠం చెప్తూ బొటనవేలితో ఆ గట్టిపడ్డ చర్మాన్ని తడుముకుంటుండేవాణ్ణి. అన్న వేళ్ళ కొనలు అట్లాగే ఉండేవి. నా జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి పెడితే గరుకుగా తగిలేవి. అది మందుల పని వల్ల అనుకునేవాణ్ణి.

మదనపల్లెలో మా ఆవిడ నా సాధనను చాలా ఓపికగా భరించింది. మూడో నెలలో ఒక ఆదివారం మాత్రం కూరగాయలు తరుగుతూ అడిగింది, "ఆ పాటకు రెండో లైను ల్యాదా? రాసినోళ్ళు ఒక లైను రాసి నిద్రబోయినారా?" రెండో లైను మొదలుపెట్టాను. కాసేపు విని, మొదటిదే మేలు అంది.

బస్సులో గిటార్‌తో ప్రయాణం ఇంకో సంగతి. పలమనేరులో బస్సు మారి పుంగనూరు మీదుగా వెళ్ళాలి. ఒకసారి పక్కన కూర్చున్న చౌడేపల్లె పెద్దాయన సంచి వంక చాలాసేపు చూసి, "మందు కొట్టే మిషనాప్పా?" అని అడిగాడు. కాదు, గిటార్ అన్నాను. ఈ వయసులో ఎవరికి వాయించేదానికని అడిగాడు. మా వదినకు అని చెప్పాను. ఆయనకు అందులో వింతేమీ కనబడలేదు. "అట్లయితే కింద పెట్టొద్దు, అదురుకు పోతాది," అని నా చేతుల్లోంచి తీసుకుని, పుంగనూరు దాకా తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పుంగనూరు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి అన్నవాళ్ళ ఇల్లున్న వీధి మొదలు కనబడేది. పాట రాకుండా ఆ సంచితో ఆ ఇంటికి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. గిటార్ లేని వారాల్లోనే దిగి, వదినను చూసి వచ్చేవాణ్ణి. ఆమె కూడా ఎంతవరకు వచ్చిందని అడగలేదు. సంవత్సరీకానికి ఎన్ని వారాలుందో మాత్రం ఇద్దరికీ తెలుసు.

అయిదో నెలలో మేడం ముందు ఆ పాట పల్లవి మొత్తం వాయించాను. ఆ చోటికి వచ్చి, చెక్క మీద రెండుసార్లు తట్టి, ముందుకు పోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆడ ఏంది సార్, తలుపు తడతా ఉండారు?"

పిల్లలు నవ్వారు. పాట అట్లాగే ఉంటుందని చెప్పాను. ఆమె తన గిటార్ తీసుకుని ఆ రెండు లైన్లూ వాయించింది. నేను తట్టిన చోట ఆమె చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కింది. ఒక నిండు ధ్వని వచ్చి, పాట ఎక్కడా తెగకుండా ముందుకు పోయింది. దాన్ని ఎఫ్ అంటారని చెప్పింది. కొత్తవాళ్ళు అందరూ అక్కడే ఆగిపోతారట.

"మీకు ఎవురు నేర్పిచ్చినారు సార్?"

మా అన్న అన్నాను.

"ఆయనకు ఈ వేలు ఏమన్నా బాగుండలేదా?"

ఆమె మామూలుగానే అడిగింది. నేను అవునన్నాను. ఆ రోజు ఇంకేమీ వాయించలేకపోయాను. పన్నెండేళ్ళ వయసు నుంచి నాకు తెలిసిన పాటలో ఆ రెండు దెబ్బలు అన్న వేలు అందని చోట వేసుకున్నవని, యాభై రెండో ఏట ఒక పరాయి మనిషి చెప్తే తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాకు రెండు చేతులా వేళ్ళన్నీ ఉన్నా ఆయనకు రాని చోటుతో సహా నేర్చుకున్నాను. అక్కడ ఏదో తప్పిపోతోందని ఆయనకు తెలిసే ఉంటుంది. తెలిసినా, రేడియోవాళ్ళు వదిలేశారన్న తమ్ముడికి ఎట్లా చెప్తాడు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ పాటను వదిన ఇన్నేళ్ళూ విరిగినట్టుగానే విన్నది. అన్న చేయలేనిది నేను చేసి, ఒక్కసారి పాటను పూర్తిగా వినిపించాలి. ఇది మంచి ఆలోచనే అనుకున్నాను. మిగిలిన నెలలన్నీ ఎఫ్ మీదే పెట్టాను. మొదట ఆరు తీగల్లో రెండే పలికేవి. తర్వాత మూడు. మణికట్టు నొప్పికి మా ఆవిడ నూనె రాసేది. "పాట వాయిస్తాండావా, పాలు పిండతాండావా?" అనేది. చివరి నెలలో ఒక బుధవారం ఆరూ పలికాయి. మేడం కంటే ముందు పిల్లలు చప్పట్లు కొట్టారు.

సంవత్సరీకం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. ఇట్లాంటి రోజు మా వైపు పోయొస్తామని చెప్పరు. చెప్పులు వేసుకున్న చప్పుడే చెప్పడం. నాలుగున్నరకు ఇంట్లో వదిన, నేను, మా ఆవిడ మిగిలాం. మా ఆవిడ పక్క గదిలో నడుం వాల్చింది. వదిన వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నేను ముందు గదిలో, అన్న కూర్చునే కుర్చీలో కాకుండా దాని పక్కన ఉన్న బల్ల మీద కూర్చుని, తీగలు సరిచేసుకుని మొదలుపెట్టాను.

బాగా వచ్చింది. ఎఫ్ దగ్గర వేలు సరిగ్గా పడింది. చరణం చివర కూడా పడింది. ఎక్కడా ఆగలేదు.

వదిన కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. "బాగా వాయించినావప్పా. రేడియోలో వచ్చినట్లే ఉండాది," అంది. నేను ఆమె అడిగినది చేశాను. ఆమె మెచ్చుకుంది. ఇంటికి వచ్చినవాళ్ళను మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది. తర్వాత వంటింట్లోకి తిరిగి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

గిటార్ సంచిలో పెట్టబోయాను. సంచి నోరు తెరిచినప్పుడు, ఒక్క మనిషికి అంత పని లేని వంటింట్లో ఆమె సాయంత్రాలన్నీ ఎందుకు కూర్చుంటోందో అర్థమైంది. ఆ పాట ఆమె ఎప్పుడూ ఈ గదిలో కూర్చుని వినలేదు. అక్కడి నుంచే విన్నది. అందులో ఆమెకూ ఒక చోటు ఉండేది. నేను నెలల తరబడి కష్టపడి దాన్ని పూడ్చేశాను.

మళ్ళీ గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాను. పల్లవి మొదటి లైను, రెండో లైను. ఆ చోట చేతిని తీగల మీంచి తీసి, చెక్క మీద రెండుసార్లు తట్టాను. గిన్నెల చప్పుడు ఆగింది. అంతకు మించి ఏమీ లేదు. నేను ఆగలేదు. చరణం వాయించాను. వేళ్ళు అలవాటు కొద్దీ ఎఫ్ వైపు పోతుంటే ఆపుకోవాల్సి వచ్చింది. చరణం చివర మళ్ళీ తట్టాను.

"ఎవురది?"

అడిగిన తీరు పాతదే. అన్న జవాబు చెప్పేవాడు కాదు. నేను ఆయనలాగా ఊరుకోవడం సరికాదనిపించింది.

"నేనే వదినా," అన్నాను.

"ఉండు, కాఫీ పెడతాండా," అంది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినబడింది. తర్వాత ఆమె ముక్కు చీదుకుంది. పక్క గదిలోంచి మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఇద్దరూ ఏదో మెల్లగా మాట్లాడుకున్నారు. మధ్యలో వదిన నవ్వినట్టు వినబడింది. కొత్త కాపురంలో తడిచేతులతో తలుపు తీసిన సంగతి చెప్తూ ఉంది. అన్న పోవడానికి ముందు నెల వరకు కూడా అట్లా అడిగేదాన్నని చెప్తోంది. గిటార్ పట్టుకునే బలం లేక ఆయన మంచం పట్టె మీద తట్టేవాడట.

మంగళవారం కుప్పంలో మేడం ఎఫ్ ఎట్లా వచ్చిందని అడిగింది. బాగా వచ్చిందని చెప్పాను. ఇప్పుడు శనివారాలు గిటార్‌తోనే పుంగనూరులో దిగుతున్నాను. అక్కడ మాత్రం ఎఫ్ వాడను.