చేయి మాత్రమే కనబడే పాఠం

కొత్త స్కెచ్ పెన్ మూత తీయగానే వచ్చే ఘాటు వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ అప్పలనరసమ్మ మేడమ్ గుర్తొస్తారు. ఆమదాలవలస దగ్గరి హైస్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ దగ్గరే చదువుకుని, అదే బడిలో ఆవిడ పక్కనే ఉద్యోగంలో చేరాను నేను. కరోనాతో బడి మూతపడినప్పుడు పదో తరగతి పిల్లలకు వీడియో పాఠాలు పంపాల్సి వచ్చింది. మేడమ్‌కు గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయి అప్పటికి కొన్ని నెలలే. మాట బొంగురుగా, తెగి తెగి వచ్చేది.

ఆవిడకు శ్రమ తగ్గించాలని, కదిలే బొమ్మలతో, రంగురంగుల అక్షరాలతో ఓ పాఠం తయారుచేసి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. "నా గొంతు పెడదాం మేడమ్. మీరు లెక్కలు ఎంచి ఇస్తే చాలు" అన్నాను. ఆవిడ చివరిదాకా చూశారు.

"సక్కగా ఉన్నాదమ్మా. కానీ లెక్క ముందే అయిపోయి వచ్చినట్టున్నాది. ఎలా సేస్తామో పిల్లలకి కనబడొద్దేటి?"

ముఖం చూపనన్నారు. మెడ మీది కుట్లు చూస్తూ పిల్లలు పాఠం వదిలేస్తారని ఆవిడ భయం. రెండు కుర్చీల మీద చెక్క అడ్డంగా వేసి, దాని అంచున కెమెరా కిందికి చూసేలా ఫోన్ పెట్టి, కింద తెల్ల కాగితం పరిచాం. ఆవిడ చేయి, అందులో స్కెచ్ పెన్, ఆవిడ గొంతు, అంతే. మొదటి పాఠంలోనే మైనస్ వేయాల్సిన చోట ప్లస్ వేశారు. మళ్ళీ తీద్దామన్నాను.

"ఉండనీ. తప్పు ఎతుక్కోడం కూడా పాఠమే" అని, కొట్టేసి పక్కన సరిగా రాశారు.

సాయంత్రం ఒక అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. "మేడమ్, నానూ అక్కడే తప్పు సేసేదాన్ని." అది విని మేడమ్ నవ్వారు. ఆపరేషన్ తర్వాత ఆవిడ నవ్వు చూడటం నాకదే మొదలు.

చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. మాట పూర్తిగా పోయింది. త్రికోణమితిలో ఆఖరి పాఠం మిగిలిపోయింది. నా గొంతు ఇస్తానని మళ్ళీ అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, కాగితం సర్దుకుని, మాట లేకుండానే లెక్క మొదలుపెట్టారు. సగంలో పెద్ద ప్రశ్నార్థకం గీసి, పెన్ను పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎంతసేపటికీ కదలలేదు. ఒంట్లో బాగాలేదేమోనని లేవబోయాను. ఆవిడ వేలెత్తి ఆగమని సైగ చేశారు. ఆ వీడియో చూసే పిల్లలు ఆలోచించుకోవడానికి వదిలిన సమయమది. కాసేపటికి పెన్ను తీసి మిగతాది పూర్తి చేశారు.

వేసవి రాకముందే ఆవిడ వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను విజయనగరంలో పాఠాలు చెబుతున్నాను. బోర్డు మీద ప్రశ్న రాయగానే జవాబు నా నోటిదాకా వస్తుంది. ఆపుకుంటాను. తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం మోయడం మొదట్లో చాలా కష్టంగా ఉండేది. ఎప్పటికో వెనక బెంచీలోంచి ఒక గొంతు బెరుగ్గా లేస్తుంది. "మేడమ్, నాను సెప్పనా?"