బావమరిది చేతిలో తాడు

ఈ బరువు మోయబట్టి చాలా ఏళ్లయింది. దించుకుందామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! ప్రతిసారీ అక్క మొహం చూసి మింగేశాను. మీరెవరో నాకు తెలీదు. తెలియకపోవడమే మేలు.

మొన్న మా కంపెనీ వార్షికోత్సవం చేశారు. ఓడరేవులు కట్టే కంపెనీ మాది. మావాళ్లు వలసొచ్చిన హిందీ ప్రాంతం ఆదిత్యపూర్‌లో చిన్న రేకుల షెడ్డులో, ఓడల్ని కట్టేసే ఇనుప గుంజలు చేయడంతో మొదలై, సముద్రంలో గోడలు కట్టేదాకా ఎదిగింది. ఆ చరిత్రంతా వేదిక మీద చెప్పారు. మా పాత కట్టుబాటు గురించీ చెప్పారు. నీళ్లలోకి దిగేవాడి నడుముకు కట్టిన తాడును పైన అతని బావమరిదే పట్టుకోవాలి. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడని కంపెనీ పెట్టిన పెద్దాయన నమ్మకం. ఆ నమ్మకానికి గుర్తుగా నాకు శాలువా కప్పారు. అక్క ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

నేను వదిలేశాను.

ఆ రోజు బావ, గోడ అడుగున రాళ్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడడానికి దిగాడు. గొట్టంలోంచి గాలి అందుతోంది. ఇబ్బందయితే అతను తాడు లాగుతాడు, నేను వెంటనే పైకి లాగాలి. అంతే నా పని. ఎండ మండిపోతోంది. ఒడ్డున పనివాళ్ల షెడ్డు దగ్గరికి వేడి పకోడీలు వచ్చాయని ఎవరో కేకేశారు. తాడును గుంజకి ముడేసి వెళ్లాను. ఛీ, పకోడీల కోసం! బావ మీద కోపమా? లేదు. ఒంట్లో బాగాలేకా? అదీ కాదు. రోజూ ఏమీ కాలేదు కాబట్టి ఆ రోజూ ఏమీ కాదనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం కోసం వెతికి వెతికి అలిసిపోయాను, దొరకలేదు.

తిరిగొచ్చేసరికి ముడి బిగుసుకుపోయి ఉంది. వదులుగా వేసిన ముడి, నా వేళ్లకి ఊడలేదు. పళ్లతో కొరికి విప్పాను. అప్పుడు అరిచాను. అందరూ పరిగెత్తుకొచ్చేసరికి తాడు నా చేతుల్లోనే ఉంది. షెడ్డు దగ్గరి గుంపులో నన్నెవరూ గమనించలేదు, వాళ్లు చూసింది ఈ తాడునే. కింద రాయి జారి గాలి గొట్టం నలిగిపోయిందని తర్వాత తేలింది.

బావని ఆదిత్యపూర్ దగ్గర్లోని గోల్‌మురిలో ఇంటికి తెచ్చాక అక్క నన్ను పక్కకి పిలిచింది.

“తమ్ముడూ, నిజిం సెప్పు. తాడు లాగినాడా మీ బావ?”

“నేదక్కా. ఒక్కపాలి కూడా లాగనేదు.”

“అయితే బాద పడకుండానే ఎల్లిపోనాడు. నువ్వొట్టుకోనున్నావు గదా, అది సాలు నాకు.”

నన్ను నేను కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం అది. దాన్ని పట్టుకునే అక్క ఇన్నాళ్లూ బతికింది. బావ తద్దినం నాడు మొదటి విస్తరి నాకే వేస్తుంది. తింటాను. ఎలా తింటున్నానో నాకే తెలీదు.

ఇప్పుడు నిజం చెబితే అక్కకి బావ మళ్లీ చచ్చిపోతాడు, ఈసారి గిలగిల్లాడి. అందుకని ఊరుకున్నానా? లేక ఆ విస్తరి పోతుందనా? రెండోదే ఎక్కువేమో. జాలి పేరు చెప్పి తప్పించుకోవడం కూడా మోసమే కదా.

అక్కకి చదువు రాదు. మేనల్లుడు తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిస్తాడు, తెలుగు చదవలేడు. అందుకే రాస్తున్నాను. నా ధైర్యం ఏపాటిదో మీరే చూడండి. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఒక్కసారైనా ఉన్నదున్నట్టు రాయాలనిపించింది.

అక్కా, బావ తాడు లాగాడు. ఎన్నిసార్లు లాగాడో నాకు తెలీదు. నేను అక్కడ లేను.